మూడో పాఠానికి ఉదాహరణ

నుకుఅలోఫా,
ఫిబ్రవరి 4, 1974.

మరదలు టోకిలుపేకు,

ప్రభువు పేరిట వందనాలు. తమ్ముడు మనాసె, పిల్లలు, నువ్వు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. మోకాలు మాత్రం నా మాట వినడం మానేసింది.

ఒక పని పడి ఈ ఉత్తరం రాస్తున్నాను. విద్యాశాఖ వాళ్లు నన్ను కొన్ని నెలలపాటు బడి నుంచి తప్పించి, పుస్తకం రాయమని ఆఫీసులో కూర్చోబెట్టారు. పేరు ‘మన సమాజం: తొలి పాఠాలు’. సంస్కృతి అంటే ఏమిటి, కట్టుబాటు అంటే ఏమిటి, హోదా, పాత్ర, నిషేధం అంటే ఏమిటి అన్నవి మన టోంగా పిల్లలకు మన భాషలోనే, మన బతుకులోంచే చెప్పాలట. ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, ఇదెంత పని అనుకున్నాను. మొదటి వాక్యం దగ్గరే తొమ్మిది రోజులు కూర్చున్నాను. ‘సంస్కృతి అనగా మనుషులు ఒకరినుంచి ఒకరు నేర్చుకున్న జీవన విధానం’ అని రాశాను. పక్క బల్ల దగ్గర టైపు కొట్టే లెసిఎలి తొంగిచూసి, “నేర్చుకోకుండా వచ్చేది ఏముంటుంది పెలెనైసె, తుమ్మా?” అంది. నవ్వాను గానీ ఆ మాట పనికొచ్చింది. తుమ్ము నేర్చుకోం, తుమ్మాక పక్కవాళ్లు అనే మాట నేర్చుకుంటాం. అదే ఉదాహరణగా పెట్టేశాను.

న్యూజిలాండు నుంచి వచ్చిన సలహాదారుకు ఉదాహరణల పిచ్చి. ప్రతి నిర్వచనం కిందా ఒకటి ఉండాలంటాడు. అందులో నిజం పేర్లుంటే పిల్లలకు తొందరగా పట్టుబడుతుందంటాడు. నేను ఊరు వదిలి చాలా ఏళ్లయింది కదా, అక్కడి సంగతులు నువ్వే చెప్పాలి. తండ్రి పళ్లెంలో మిగిలినది పిల్లలు తినకూడదన్న నిషేధం లోఫంగాలో ఇంకా పాటిస్తున్నారా? అక్కాతమ్ముళ్లు ఒకే గదిలో కూర్చోకపోవడం ఇప్పటి పిల్లల్లో ఉందా, పోయిందా?

మూడో పాఠం హోదా గురించి. మన ఇళ్లలో తండ్రి తోబుట్టువైన మేనత్తకు ఉన్న హోదా ఇంకెవరికీ లేదు కాబట్టి ఉదాహరణ ఇలా రాశాను. ‘మనాసె రెండో కూతురు సియాలెకు ఏడేళ్లు. సియాలెను నాకివ్వండి, నేను పెంచుకుంటాను అని మేనత్త అడిగితే, ఆ ఇంట్లో కాదనగలవాళ్లు ఎవరు?’ ఇది సరిగా కుదిరిందా? మీ ఊళ్లో దీనికి ఏం జవాబు చెబుతారు? తొందరగా రాయి.

ఇట్లు,
పెలెనైసె

లోఫంగా,
ఫిబ్రవరి 27.

గౌరవనీయులైన వదినగారికి,

టోకిలుపే వందనాలు. మీ ఉత్తరం పదిహేడు రోజులకు అందింది. గాలివాన భయానికి ఓడ పంగాయి రేవులోనే ఆగిపోయిందట. మీ మోకాలి గురించి విని బాధపడ్డాం. ఊరు ఊరంతా విన్నది, ఎందుకంటే ఆ రోజు మన ఇంట్లో కావా వేరు దంచి కలిపిన పానీయం తాగడానికి పాస్టరుగారు, ఇంకో అయిదుగురు పెద్దలు వచ్చి ఉన్నారు. మీ తమ్ముడు గిన్నె దగ్గర్నుంచి లేచి నిలబడి, “మా అక్క ఉత్తరం. గట్టిగా చదువు” అన్నారు. మోకాలి దగ్గర్నుంచి చివరిదాకా గట్టిగా చదివాను.

తండ్రి పళ్లెం సంగతి. పాటిస్తున్నాం. మొన్న చంటివాడు వాళ్ల నాన్న పళ్లెంలో మిగిలిన చేప ముక్క మీద చెయ్యేస్తే, సియాలె వాడి చేతిమీద ఒక్కటిచ్చుకుంది. “ఒరేయ్, గొంతులో ముల్లు ఇరుక్కుని చస్తావు!” అంది. వాడు, “మరి నాన్న చావలేదుగా?” అన్నాడు. దీనికి జవాబు మీ పుస్తకంలో ఉంటే రాసి పంపండి, వాడు రోజూ అడుగుతున్నాడు.

అక్కాతమ్ముళ్ల సంగతి మీకే తెలుసు. మీరు వస్తే మీ తమ్ముడు గడప దాటి రారు, మీ ఎదుట నవ్వరు, మీకు ఉత్తరం కూడా ఆయన రాయరు. నాచేత రాయిస్తారు. హోదాకు నా దగ్గరొక ఉదాహరణ ఉంది. కిందటిసారి మీరు వచ్చినప్పుడు మా కొత్త చాప చూసి, “నేత బాగుందే” అన్నారు. చుట్టి మీ పడవలో పెట్టాం. ఆ వానాకాలమంతా పాత చాపమీద తడిలో పడుకున్నాం. పనికొస్తే వాడుకోండి.

మూడో పాఠంలో మీరడిగిన ప్రశ్నకు జవాబు, ఎవరూ లేరు. నేను చదవడం పూర్తికాగానే మీ తమ్ముడు, “ఎవరున్నారు కాదనడానికి?” అన్నారు. పాస్టరుగారు అక్కడికక్కడే ప్రార్థన చేశారు. పెద్దలందరూ వరసగా నా చెయ్యి పట్టుకుని, “అదృష్టవంతురాలివి, పిల్ల రాజధానిలో పెరుగుతుంది” అన్నారు. సియాలెను మార్చి ఓడకు పంపుతున్నాం.

మీ ఆజ్ఞకు బద్ధురాలు,
టోకిలుపే

నుకుఅలోఫా,
మార్చి 9.

మరదలు టోకిలుపేకు,

వందనాలు. నీ ఉత్తరం నిన్న అందింది. జవాబు రాయడానికి కూర్చుని మూడు కాగితాలు చింపేశాను. కాగితానికి కరువుగా ఉన్న ఆఫీసులో ఇది చెయ్యకూడని పని.

నిషేధానికి చంటివాడి ఉదాహరణ చక్కగా ఉంది. వాడు అడిగిన ప్రశ్న మాత్రం పుస్తకంలో పెట్టను. నిషేధం ఎందుకు అని అడగడం మొదలుపెడితే పాఠం పన్నెండు పేజీలవుతుంది, నాకు ఇచ్చినవి రెండు. చాప సంగతి నిజంగా గుర్తులేదు. ఇల్లంతా వెతికాను. మంచం కింద చుట్టినది చుట్టినట్టే ఉంది.

సియాలె విషయం. ఓడ ఏ పూట వచ్చినా రేవు దగ్గర నేనే ఉంటాను. ఇక్కడ దోమలు ఎక్కువ కాబట్టి దోమతెర కొన్నాను. కిటికీ దగ్గర రెండో మంచానికి చోటు చేశాను. మా వీధి చివరి బడిలో పేరు రాయించడానికి హెడ్‌మాస్టరుతో మాట్లాడాను. ఆయన నా పాత శిష్యుడే, మారుమాట్లాడలేదు. పిల్ల ఏం తింటుంది, ఏ పక్కకు తిరిగి పడుకుంటుంది, జ్వరం తగిలితే మీరేం మందు వేస్తారు, ఇవన్నీ రాసి పంపు.

ఇంకొకటి చెప్పవలసి ఉంది గానీ, ఆఫీసు కట్టేసే వేళయింది. ఇదే ఓడకు అందించాలి.

ఇట్లు,
పెలెనైసె

లోఫంగా,
మార్చి 22.

గౌరవనీయులైన వదినగారికి,

వందనాలు. ఈ ఉత్తరం సియాలె చేతికే ఇచ్చి పంపుతున్నాను. దీన్ని చదువుతుందన్న భయం లేదు. కూడబలుక్కుని ‘వదినగారికి’ దాకా వచ్చేసరికి విసుగొస్తుంది దానికి.

ఎడమ పక్కకు తిరిగి పడుకుంటుంది. విడి మంచం మీద ఎప్పుడూ పడుకోలేదు. మా ఆరుగురివీ ఒకే చాప కదా, నిద్రలో ఎవరి కాలో ఒకటి తనమీద ఉండాలి. లేకపోతే లేచి కూర్చుంటుంది. కర్రపెండలం కంటే సీమపనస ఇష్టం. చేప తలకాయ తనకే కావాలని పోట్లాడుతుంది, మీ ఇంట్లో పోటీకి ఎవరూ లేరు కాబట్టి ఆ గొడవ ఉండదు. జ్వరం వస్తే కొబ్బరినూనెలో ఆకు నలిపి నుదుటికి రాస్తాను. ఆ ఆకు మూటలో కట్టి పెట్టాను, పేరు నాకూ తెలియదు, మా అమ్మ కోసుకొచ్చేది. జుట్టు నేనే దువ్వాలి. ఇప్పుడు మీరు దువ్వాలి. చిక్కు తీసేటప్పుడు కింది నుంచి పైకి రండి.

మేనత్త ఎదుట ఎలా కూర్చోవాలో, ఎలా మాట్లాడాలో చెప్పాను. ఇంకొక మాట కూడా చెప్పాను. అది మీకు తెలియనక్కరలేదు.

ఈ చివరి ముక్క ఒడ్డున కూర్చుని, పిల్ల పడవెక్కే ముందు రాస్తున్నాను. మీ తమ్ముడు పడవను నీళ్లలోకి తోసి, వలలు బాగుచేసుకోవాలని వెంటనే వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. వల చిరగలేదు.

ఇట్లు,
టోకిలుపే

నుకుఅలోఫా,
ఏప్రిల్ 17.

మరదలు టోకిలుపేకు,

వందనాలు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను. సియాలె కిటికీలో కూర్చుని సీమపనస తింటోంది. నీకు ఎన్నో చెప్పాలని ఉంది.

మొదటి రోజు దోమతెర చూసి, “అత్తా, ఇది చేపలకా, మనకా?” అంది. దాన్ని వల అనుకుంది! బడి వదిలాక నేరుగా మా ఆఫీసుకు వచ్చేస్తుంది. నా బల్ల కింద దూరి, నేను పైకి చదివేదంతా వింటుంది. మొన్న ‘పాత్ర’ పాఠం చదువుతున్నాను. ‘ఒకే మనిషి ఇంట్లో ఒక పాత్ర, పనిచేసే చోట మరొక పాత్ర నిర్వహిస్తారు’ అని. బల్ల కిందినుంచి గొంతు వినిపించింది. “అత్తా, మీరు ఇంట్లో కూడా టీచరేగా!” లెసిఎలి టైపు మిషను మీద తల ఆనించి నవ్వింది. సలహాదారుకు ఆ మాట అర్థం చెబితే ఆయన కూడా నవ్వి, పిల్లకు బిస్కెట్ల డబ్బా ఇచ్చాడు. పాఠంలో ఆ వాక్యాన్ని కొంచెం మార్చవలసి వచ్చింది.

జుట్టు కింది నుంచి పైకే దువ్వుతున్నాను. నాకు నలభై ఏడేళ్లు. ఇంతవరకు ఎవరి తలా దువ్వలేదు. పాఠం చెప్పేటప్పుడు కూడా నా చేతులు ఇంత జాగ్రత్తగా కదలలేదేమో అనిపించింది. మే నెల మొదటి ఆదివారం చర్చిలో పిల్లల పండుగ కదా, వచనం బట్టీ పట్టిస్తున్నాను. తెల్లగౌను కుట్టడానికి ఇచ్చాను.

నువ్వు దిగులు పడనవసరం లేదు. వచ్చి మూడు వారాలు దాటింది, ఒక్కసారి కూడా ఏడవలేదు. ఇంటి మాటే ఎత్తదు. ఇంత తొందరగా అలవాటు పడుతుందని నేను కూడా అనుకోలేదు.

ఇట్లు,
పెలెనైసె

లోఫంగా,
మే 11.

గౌరవనీయులైన వదినగారికి,

వందనాలు. సియాలె ఒక్కసారి కూడా ఏడవలేదని రాశారు. సంతోషం. మేనత్త ఇంట్లో కన్నీళ్లు పెట్టకూడదు, పెడితే నాన్న పరువు పోతుంది అని నేనే చెప్పి పంపాను. మాట నిలబెట్టుకుందన్నమాట. ఇంటి మాట ఎత్తకూడదని మాత్రం నేను చెప్పలేదు. అది తనకే తోచి ఉంటుంది.

ఇక్కడ అందరం బాగున్నాం. చాపమీద చోటు ఎక్కువైంది. చంటివాడు ఆ చోట్లోకి దొర్లి, ఎవరూ తగలకపోయేసరికి లేస్తున్నాడు.

మీ పుస్తకం విషయంలో నాకొక సందేహం. చదువు తక్కువదాన్ని, తప్పుగా అడిగితే దిద్దండి. పెద్దవాళ్లు ఎప్పుడూ సూటిగా అడగరు కదా. చాప ఇమ్మని మీరు అడగలేదు. బాగుంది అన్నారు. అడగకుండానే అర్థం చేసుకుని ఇవ్వడమే మా మర్యాద. కాబట్టి పెద్దవాళ్లు ‘ఉదాహరణకి’ అని మొదలుపెట్టి ఒక పిల్ల పేరు చెబితే, మా ఊళ్లో దాన్ని అడగడం కిందే లెక్కవేస్తారు. ఎంత పక్కదారిన అడిగితే అంత పెద్దగా అడిగినట్టు. చదువుకున్నవాళ్ల లెక్కలో అది దేని కింద వస్తుంది? ఉత్తి ఉదాహరణ అనేది ఒకటి ఉంటుందా? అలాంటిది మేనత్త నోటినుంచి వస్తే దాన్ని గుర్తుపట్టడం ఎలా?

పుస్తకం కోసమే అడుగుతున్నాను.

ఇట్లు,
టోకిలుపే

నుకుఅలోఫా,
జూన్ 3.

టోకిలుపేకు,

నీ ఉత్తరం అందింది. నా పాఠాలను దిద్దడానికి ఇక్కడ ఒక సలహాదారు ఉన్నాడు. ఇంకొకరు అవసరం లేదు.

నేను మనాసెకు అక్కను. ఆ ఇంట్లో పుట్టినదాన్ని. నువ్వు వచ్చినదానివి. ఏది అడగడం, ఏది కాదు అని నాకు ప్రశ్నపత్రం పంపడం నీ హోదాకు తగినట్టుగా లేదు. తమ్ముడికి ఈ సంగతి తెలిస్తే నొచ్చుకుంటాడు.

పిల్లల పండుగలో సియాలె ఒక్క తప్పు లేకుండా వచనం చెప్పింది. పిల్లలు చెబుతుంటే తల్లులు ముందు వరసలో కూర్చుని కళ్లొత్తుకోవడం ఆనవాయితీ. నేను ముందు వరసలో కూర్చున్నాను. పుస్తకం నాలుగో పాఠం దాకా అచ్చుకు వెళ్లింది.

ఇట్లు,
పెలెనైసె

లోఫంగా,
జూన్ 21.

గౌరవనీయులైన వదినగారికి,

హద్దు దాటాను, క్షమించండి. తప్పు ఒప్పుకుంటూ కొత్త చాప ఒకటి పంపుతున్నాను. సన్నటి ఆకు, నాలుగు నెలలు నేశాను. సియాలె చోటు కోసం మొదలుపెట్టినది, ఇప్పుడు ఇక్కడ అవసరం లేదు.

మీరు నన్ను తిట్టారు కాబట్టి, ఉన్న మాట చెప్పేసి నోరు మూసుకుంటాను. కావా దగ్గర మీ ఉత్తరం చదువుతున్నప్పుడే అది పాఠమని నాకు అర్థమైంది. మీరు కొటేషను గుర్తులు పెట్టారు, నా కంటికి కనిపించాయి. వినేవాళ్లకు గుర్తులు వినపడవు కదా. పెద్దలు వెళ్లాక, “ఏవండీ, ఇది పుస్తకం కోసమేనేమో” అన్నాను. మీ తమ్ముడు, “మా అక్క మాటను నువ్వు తూకం వేస్తావా?” అన్నారు. ఆ మాట అని బయటికి వెళ్లి, ఇంటి వెనక చాలాసేపు నిలబడ్డారు. ఆయనకూ అనుమానం ఉంది. ఉన్నా ఆయన అడగలేరు, మిమ్మల్ని అడగడానికి ఆయనకు నోరు లేదు, నాకు హక్కు లేదు.

మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క వస్తుందని మార్చి ఓడ దాకా ఎదురుచూశాను. ఉత్తరానికి టైము లేకపోతే రేడియోలో చెప్పించినా సరిపోయేది. చావులూ పుట్టుకలూ అందులోనే చెబుతారు, ఊరంతా వింటుంది. దోమతెర కొన్నానని ఉత్తరం వచ్చింది. అందుకని నిజంగానే అడిగారనుకున్నాను. ఇప్పటికీ అడిగారనే అనుకుంటున్నాను. అడగకుండా తీసుకున్నారని అనుకోవడం నాకు తగదు.

ఇట్లు,
టోకిలుపే

నుకుఅలోఫా,
జులై 14.

టోకిలుపే,

నువ్వనుకోకూడదన్నదే జరిగింది. నేను అడగలేదు. అది పాఠమే. నీ ఫిబ్రవరి ఉత్తరం చదివిన నిమిషంలో నాకు తెలిసిపోయింది. చింపేసిన మూడు కాగితాల్లోనూ ‘పొరపాటు జరిగింది, పిల్లను పంపవద్దు’ అనే రాశాను. నాలుగో కాగితం మీద దోమతెర గురించి రాశాను. రేడియో స్టేషను మా ఆఫీసుకు రెండు వీధుల అవతలే ఉంది. ఒకరోజు గుమ్మం దాకా వెళ్లి వచ్చేశాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఉదాహరణలో ఏ పేరైనా పెట్టవచ్చు. సియాలె పేరే పెట్టమని సలహాదారు చెప్పలేదు. నా చెయ్యి ఆ పేరే రాసింది. అది ఉత్తి పాఠమని ఇప్పుడు నేను ప్రమాణం చేయలేను.

కన్నీళ్లు పెట్టవద్దన్నావని నువ్వు రాసినప్పటినుంచి పిల్లను చూస్తూ వచ్చాను. ఏమీ కనిపించలేదు. నవ్వుతుంది, తింటుంది, చదువుతుంది. నువ్వు పంపిన కొత్త చాప మంచం మీద పరుద్దామని పాతది తీశాను. గోడ వైపు అంచు నాలుగు వేళ్ల మేర నమిలేసి ఉంది. ఆకు పీచుపీచుగా ఉంది. ఒక్కరోజు పని కాదది. “ఇదేమిటమ్మా?” అన్నాను. “చప్పుడు రాకుండా ఉంటుంది అత్తా” అంది. తప్పు చేసినట్టు నా మొహంలోకి చూసింది. నేను ఆ రోజు ఆఫీసుకు వెళ్లలేకపోయాను.

ఇచ్చిన పిల్లను తిప్పి పంపితే మనాసె ఊళ్లో తలెత్తుకోలేడు. అందుకని విడిగా ఇంకో కాగితం పెట్టాను. దాన్ని కావా దగ్గర, అందరూ వినేలా చదివించు. అందులో ఇలా ఉంటుంది. ‘సియాలె నా పిల్ల. నా పిల్లను లోఫంగాలో, నా తమ్ముడి ఇంట్లో, టోకిలుపే చేతిమీద పెంచాలని మేనత్తగా నేను అడుగుతున్నాను.’ ఈసారి ఉదాహరణ లేదు, ఆ కాగితం మీద కొటేషను గుర్తులు లేవు. సూటిగా అడిగాను. కాదనేవాళ్లు ఎవరూ లేరు కదా.

అచ్చు నుంచి దిద్దడానికి వచ్చిన మూడో పాఠం ప్రూఫులో ‘మేనత్త మాటను కాదనరు’ అన్నదాని పక్కన ‘కాబట్టి మేనత్త మాటను చూసి వాడుకోవాలి’ అని చేర్చాను. పాఠంలో ఉపదేశం ఉండకూడదని సలహాదారు ఆ వాక్యం కొట్టేశాడు. ఆయన చెప్పింది సబబే.

ఆగస్టు ఓడలో పిల్ల వస్తుంది. నీ క్షమాపణ నేను అడగలేను, మన వరసలో అటునుంచి ఇటే వస్తుంది అది. లేకపోతే అడిగేదాన్ని.

పెలెనైసె

లోఫంగా,
ఆగస్టు 19.

వదినా,

సియాలె క్షేమంగా చేరింది. కాగితాన్ని పాస్టరుగారే చదివారు. నా పేరు వచ్చిన చోట పెద్దలందరూ తలలు తిప్పి నావైపు చూశారు. “మేనత్త అంటే ఇలా ఉండాలి!” అన్నారు. మీ తమ్ముడు పందిని కోశారు. ఎవరి పరువూ పోలేదు. నేను వంటపాకలో కూర్చుని ఏడ్చి, పొగ అని చెప్పాను.

మీరు నాకు అబద్ధం చెప్పారు. నాలుగు నెలలు. ఇది మీ మొహంమీద అనాలనిపించింది, అంటున్నాను. చాప అంచు గురించి చదివినప్పుడు, మీరు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఇక ఇది మీకు రాయకుండా దాచేద్దాం, చెల్లుకు చెల్లు అవుతుంది అనుకున్నాను. దాచలేకపోతున్నాను. పడవ దిగిన పిల్ల నా మీదికి ఉరికి వస్తుందనుకుని మోకాళ్ల లోతు నీళ్లలోకి వెళ్లాను. అది తలవంచుకుని, “బాగున్నారా?” అంది. నన్ను! మూడు రోజులు చుట్టపుచూపుగా వచ్చినట్టు ఇంట్లో ఒద్దికగా కూర్చుంది. చేప తలకాయ పెడితే తమ్ముడికి ఇచ్చేసింది. నాలుగో రోజు జుట్టు దువ్వుతున్నాను. ఉన్నట్టుండి వెక్కిళ్లు మొదలయ్యాయి. ఆపుకోలేదు. ఇరుగుపొరుగు వచ్చేంత గట్టిగా ఏడ్చింది. “ఇంటికొచ్చేశావుగా తల్లీ, ఇంకెందుకు?” అన్నాను. “అత్త కావాలి” అంది.

మీ ఇంట్లో నాకోసం ఏడవకుండా ఆపుకున్న పిల్ల, ఇప్పుడు నా ఒళ్లో కూర్చుని మీకోసం ఏడుస్తోంది. వారం రోజులుగా ఇదే. నాకు మొదట ఒళ్లు మండింది. దువ్వెన విసిరేశాను. ఆ తర్వాత, పిల్లకు అంత కావలసిన మనిషి అక్కడ ఒక్కతే కూర్చుని పుస్తకం రాసుకుంటోందే అనిపించింది. మీ మీద కోపం తగ్గలేదు. ఆ కోపం పక్కనే ఇది కూడా ఉంది.

పై నుంచి కిందికి అడగడమే తప్ప, కింది నుంచి పైకి అడిగే దారి మన ఇళ్లలో లేదు. లేకపోతే పోనీ. నేను అడుగుతున్నాను. డిసెంబరు సెలవులకు రా. నువ్వు ఉన్నన్నాళ్లు మీ తమ్ముడు పాస్టరుగారింట్లో పడుకుంటారు, ఆయనతో ఒప్పించాను. నాలుగు రోజులు కాదు, సెలవులయ్యేదాకా ఉండాలి. ఆడవాళ్లతో పాటు కూర్చుని చాపలకు ఆకు చీల్చాలి, నిన్ను పీటమీద కూర్చోబెట్టి చూస్తూ ఉండే తీరిక నాకు లేదు.

రానని రాయకు. నువ్వు వస్తున్నావని పిల్లకు చెప్పేశాను.

టోకిలుపే